పైనమ్మ చెప్పని రెండో మాట

ఆవిడ పోయిందన్న కబురు నాకు నాలుగు నెలలు ఆలస్యంగా తెలిసింది. అదీ ఎవరూ పనిగట్టుకుని చెప్పింది కాదు. టెక్కలి బస్టాండులో నిలబడి ఉంటే మా ఊరి మనిషొకతె కనబడి, వానల గురించీ, పెళ్ళిళ్ళ గురించీ, ఎవరి గేదె ఎవరి చేలో పడిందో ఆ తగువు గురించీ అరగంట చెప్పింది. బస్సొచ్చాక లేచి చీర దులుపుకుంటూ, "పైనమ్మ పోనాది కదమ్మా, నీకు తెల్దేటి?" అంది. మెట్టు మీద పెట్టిన కాలు మెట్టు మీదే ఉండిపోయింది. వెనకవాళ్ళు తోస్తున్నారు, కండక్టరు కసురుతున్నాడు, నాకేమీ వినబడటం లేదు. ఎలా ఎక్కానో, ఎక్కడ కూర్చున్నానో తెలీదు. రెండు ఊళ్ళు దాటాక గాని ఏడుపు రాలేదు.

ఏడుస్తుండగానే ఇంకో సంగతి తట్టి ఉలిక్కిపడ్డాను. ఆవిడ అసలు పేరు నాకు తెలీదు. మా ఇంట్లో రెండు చావులకి వచ్చిన మనిషి. నేను నోటికొచ్చినట్టు తిట్టినా తిరిగి ఒక్క మాట అనని మనిషి. అలాంటి మనిషి పేరు అడగాలని ఇన్నేళ్ళలో ఒక్కనాడూ తోచలేదు నాకు. బళ్ళో నలభై మంది పిల్లల పేర్లు వరసగా అప్పజెప్పే దాన్ని, పైగా! సిగ్గుతో చచ్చిపోయాను.

పైనమ్మ అన్నది ఊళ్ళవాళ్ళు పెట్టిన పేరు. ఏం అడిగినా కుడిచేతి చూపుడువేలు పైకెత్తి "పైన" అనేది కాబట్టి. ఆ వేలు చిన్నప్పుడు నౌపడ ఉప్పు మళ్ళలో ఎక్కడో నలిగి వంకరపోయింది. అంచేత ఆవిడ చూపించే పరలోకం ఎప్పుడూ నెత్తిమీద కాక కాస్త ఈశాన్యంగా ఉండేది. నేను అలా అని నవ్వితే మా అమ్మ నెత్తిన మొట్టేది.

కోటబొమ్మాళిలో ప్రార్థనమందిరం వెనక ఒక గదిలో ఉండేది. ఊరూరా నడిచి వాక్యం చెప్పడం ఆవిడ పని. అక్షరం ముక్క రాదు. విన్నదంతా నోటికి వచ్చు. పొట్టి మనిషి, నడకలో గాలివాన. ఉప్పునీళ్ళలో నాని నాని అరికాళ్ళు పగుళ్ళిచ్చి ఉండేవి. ఆ కాళ్ళతోనే రోజుకి రెండు మూడు కోసులు తిరిగేది. గదికి తాళం లేదు. గోడకి సున్నం లేదు. వానాకాలం ఒక మూల కారుతూనే ఉండేది. ఎవరైనా కప్పు నేయిస్తామంటే, "ఇది బసమ్మా. బసకి ఇన్ని సోకులెందుకు? ఇల్లు పైనున్నాది" అనేది.

కొత్త పెళ్ళికూతురు చీర చూపిస్తే, "బాగున్నాది. అక్కడిది ఇంకా బాగుంటాది" అనేది. ఆ పిల్ల మొహం మాడిపోయేది. ఎవరైనా పక్కింటి సంగతులు మొదలుపెడితే, "అది కిందమాట. పైమాట ఏటైనా ఉంటే సెప్పు, ఇంటాను" అని లేచిపోయేది. ఇలాంటి మనిషి చుట్టాలకి ఎంత కొరుకుడుపడదో చెప్పక్కర్లేదు. ఆవిడకి చుట్టాలు ఉన్నట్టు మాకెవరికీ తెలీదు కూడా.

ఒక్క బలహీనత ఉండేది. ఎండుచేపలు. నేను ఒకసారి చెప్పకుండా గదిలోకి వెళ్ళేసరికి, చింతపండు పులుసులో ఎండు నెత్తళ్ళు వేసుకుని కళ్ళు మూసుకుని తింటోంది. ఆ మొహంలో ఉన్న సంతోషం నేను ప్రార్థనలో ఎప్పుడూ చూడలేదు. నన్ను చూసి గబుక్కున గిన్నె మీద పళ్ళెం బోర్లించేసింది. దొంగతనం చేస్తూ దొరికినట్టు మొహం ఎర్రబడిపోయింది. నాకు తెగ నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

చావు ఇంటికి మాత్రం ఆవిడ అందరికంటే ముందు చేరేది. గుమ్మంలో నిలబడి ఆ వంకర వేలెత్తి, ఉన్నాడమ్మా, పైనున్నాడు, ప్రభువు దగ్గరున్నాడు, ఆయన వచ్చినపుడు మనోళ్ళని ఎంటబెట్టుకుని వస్తాడు, ఎప్పుడో తెల్దు, రేపైనా రావొచ్చు అని చెప్పేది. చెప్పి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయేది. తంతి ఇచ్చి మరో ఇంటికి పోయే జవానులాగ. చెప్పిన మాట ఆ ఇంట్లో ఏం చేసిందో ఆగి చూసేది కాదు.

అరవైల చివర్లో ఒక వైశాఖమాసంలో మా తమ్ముడు పోయాడు. తొమ్మిదేళ్ళవాడు. మూడు రోజుల జ్వరం. టెక్కలి తీసుకెళ్దామని బండి కడుతుండగానే పోయాడు. నేను నౌపడ అవతల ఒక పల్లెలో పంతులమ్మగా చేరి ఏడాది కాలేదు. కబురందుకుని వచ్చేసరికి మా అయ్య వాడి చొక్కా మడతపెడుతున్నాడు. మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతున్నాడు. పైనమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి తన మాట చెప్పింది. నేను వినలేదు. నాకు ఆ పై సంగతుల మీద పెద్ద నమ్మకం ఉండేది కాదు. అమ్మ తిడుతుందని ప్రార్థనకి వెళ్ళేదాన్ని. అయ్య మాత్రం చొక్కా పక్కన పెట్టి ఆవిడ మొహంలోకి చూస్తూ ఒక్కొక్క మాటా విన్నాడు. వినడం అయ్యాక, "రేపైనా రావొచ్చా అప్పా?" అని అడిగాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. "రావొచ్చు తమ్ముడూ" అని ఆవిడ వెళ్ళిపోయింది.

జ్యేష్ఠంలో తొలకరి పడింది. ఊరంతా నాగళ్ళు కట్టారు, నారుకి ఆకుమళ్ళు పోశారు. మా అయ్య కట్టలేదు. దుఃఖంలో ఉన్నాడు, రేపోమాపో లేస్తాడు అనుకున్నాం. తెల్లవారుజామునే లేచి స్నానం చేసేవాడు. ఉతికిన పంచె కట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. పొద్దుగూకే దాకా అలాగే, వీధి చివరకి చూస్తూ. ఒంటిపూట తిండి. మాకున్నది ఎకరంన్నర పల్లం. అది పండితేనే ఏడాది తిండి, లేకపోతే లేదు. మా పెదనాన్న, అంటే అయ్యకి అన్న, మాతో పాటు మందిరానికి రాలేదు. పాత దేవుళ్ళతోనే ఉండిపోయాడు. ఆయన వీధిలో నిలబడి కేకలేశాడు. "మతం మారితే మారినావు, మతి కూడా పోనాదేటిరా? ఎద్దులిస్తాను, లే!" అయ్య నవ్వి ఊరుకున్నాడట. ఆ నవ్వు చూసి పెదనాన్న భయపడి ఇంటికి పోయాడట.

ఇదంతా అమ్మ నాకు చెప్పలేదు. ఉద్యోగం చేసుకుంటున్న పిల్లని బెంగపెట్టడం ఎందుకనుకుంది. శ్రావణంలో ఒక శనివారం కోటబొమ్మాళి స్టేషనులో రైలు దిగి నడుచుకుంటూ వచ్చాను. దారి పొడుగునా ఉభాలు అయిపోయి మళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి. నాట్లని మేం ఉభాలు అంటాం, నాటడాన్ని ఊడ్చడం అంటాం. పచ్చటి మళ్ళ మధ్యలో మా మడి ఒక్కటి తుంగ మొలిచి, నీళ్ళు నిలిచి, దిక్కులేకుండా ఉంది. నా కళ్ళు నేను నమ్మలేదు. పక్క గట్టు చూసి, చింతచెట్టు చూసి, మాదే అని రెండుసార్లు సరిచూసుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ ధాన్యం దంచుతోంది. రోట్లోకి చూశాను. పొడుగు గింజ, ఏరిన గింజ, ఒక్క తాలు లేదు.

"అమ్మా, ఇవి ఇత్తనాలు కావేటి?"

"ఇత్తనాలే" అంది అమ్మ, రోకలి ఆపకుండా. "మీ అయ్య పురి ఇప్పీమన్నాడు. ఇంక ఇత్తనాలతో పనేటి అన్నాడు."

రైతు ఇంట్లో విత్తనాలు దంచుకు తినడం అంటే ఏమిటో తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. మా తాత కరువులో ఆకులు ఉడికించుకు తిన్నాడు గాని గడ్డితాడు చుట్టి విత్తనాలు దాచిన పురి ముట్టలేదు. అరుగు మీదికి వెళ్ళి అయ్య ముందు నిలబడ్డాను. "ఎందుకయ్యా?" అన్నాను. "ఆయన వస్తాడమ్మా" అన్నాడు మెల్లగా, దగ్గరి చుట్టం గురించి చెప్పినట్టు. అంతకంటే ఒక్క మాట రాబట్టలేకపోయాను.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వచ్చినదారినే కోటబొమ్మాళి నడిచాను. పైనమ్మ గది తలుపు తోశాను. అన్నం తింటోంది. అలవాటుగా గిన్నె మీద పళ్ళెం బోర్లించబోయింది.

"తిను తిను, నువ్వు బాగానే తింటున్నావు" అన్నాను. "మా ఇంట్లో ఇత్తనాలు దంచుకు తింటున్నారు. మడి ఊడ్చలేదు. నువ్వు చెప్పిన మాట పట్టుకుని మా అయ్య మూడు నెలల్నుంచి ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నాడు. సంతోషమేనా?"

ఆవిడ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. "నానా? మడి మానీమని నానెప్పుడు సెప్పినాను?"

"ఇది బస, ఇల్లు పైన అన్నది ఎవరు? రేపైనా రావొచ్చు అన్నది ఎవరు?"

ఆ మొహం నేను జన్మలో మర్చిపోను. ఇరవై ఏళ్ళుగా ఇంటింటికీ తాను చెప్పిన మాటని ఎవరైనా నిజంగా, అక్షరాలా నమ్ముతారని ఆవిడకి తట్టలేదు. చేయి కడుక్కోలేదు. ఎంగిలి చేత్తోనే లేచి నాకంటే ముందు నడిచింది.

మా గుమ్మంలో అమ్మ అడ్డం నిలబడింది. ఎన్నడూ నోరెత్తని మా అమ్మ. "రా అప్పా రా! ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానన్నాదట. నీ స్వర్గం మా ఉట్టి తెంపీసినాది, సూడు!" అంది. నేను బిత్తరపోయాను. పైనమ్మ తల వంచుకుని, "తమ్ముడేడీ?" అని మాత్రం అడిగింది.

అయ్య మడిగట్టు మీద ఉన్నాడు. రోజూ సాయంత్రం అక్కడికి వెళ్ళి నిలబడతాడట, ఆ సంగతీ నాకు అప్పుడే తెలిసింది. మేం ముగ్గురం వెళ్ళాం.

"ఏటి తమ్ముడూ ఇది? ఎందుకు ఊడ్సనేదు?" అంది పైనమ్మ.

అయ్య ఆవిడని చూసి సంతోషించాడు. తన మనసు తెలిసిన మనిషి ఒకరు వచ్చినట్టు మొహం విప్పారింది. "నువ్వే సెప్పినావు కదప్పా, రేపైనా వస్తాడని. మనోళ్ళని ఎంటబెట్టుకొస్తాడని. మరి నాను ఊడిస్తే ఏటవుతాది? బాబూ, నాకు పుష్యంలో కోతలున్నాయి, అందాకా ఆగు అని ఆయనతో సెప్పినట్టు కాదేటి? నా గుంటడు పుష్యం దాకా ఎందుకు ఆగాల?"

అమ్మ అక్కడే కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పిచ్చి అనుకున్నాను, బద్ధకం అనుకున్నాను, భక్తి ముదిరింది అనుకున్నాను. మా అయ్య కొడుకు కోసం దారి ఖాళీగా ఉంచుతున్నాడు. పైరు అడ్డం ఉండకూడదని మడిని బీడు పెట్టాడు.

పైనమ్మ బురదగట్టు మీద అలాగే కూలబడింది. వాదిస్తుందనుకున్నాను, వాక్యం చెబుతుందనుకున్నాను. మడి వైపు చూస్తూ, "నాకూ ఒక కొడుకుండేవోడు తమ్ముడూ" అంది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆవిడకి పెళ్ళైందని కూడా మాకు తెలీదు.

"ఉప్పు మళ్ళకాడే పోనాడు. ఏడేళ్ళు. పైనున్నాడని నాకు ఎవరో వొచ్చి సెప్పినారు. నమ్మినాను. ఇప్పటికీ నమ్ముతాను. వోడ్ని కప్పెట్టొచ్చిన మర్నాడు పొద్దున్న నాకు ఆకలేసినాది." గట్టు మీద గడ్డి పీకుతూ చెబుతోంది. "ఎంత సిగ్గేసినాదో సెప్పలేను. కొడుకు పోతే తల్లికి ఆకలేటి? ఓ పక్క ఏడుస్తన్నాను, ఓ పక్క పక్కింటోళ్ళ పులుసు వాసనకి నోరూరతన్నాది. ఎల్లి అడుక్కుని తిన్నాను. ఆ మజ్జానమే మళ్ళోకి దిగి ఉప్పు లాగినాను. ఆకలేస్తే నమ్మకం నేదని కాదురా. ఆకలి కూడా ఆయన పెట్టిందే. నానీ రెండో మాట ఏ ఇంట్లోనూ సెప్పనేదు. సిగ్గుపడి సెప్పనేదు. మొదటి మాట సెప్పి ఎల్లిపోనాను. తప్పు నాదే."

అయ్య వినీ విననట్టు నిలబడి, "నాకు ఆకలెయ్యట్లేదప్పా" అని ఇంటి దారి పట్టాడు.

ఆవిడ తిరిగి కోటబొమ్మాళి వెళ్ళలేదు. మర్నాటి నుంచి మొదలుపెట్టింది. ఉభాలు ముగిసిన మళ్ళ గట్ల మీద మిగిలిపోయిన నారు కట్టలు ఎక్కడున్నాయో వెతుకుతూ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. ఇల్లు, వాకిలి, పంట ఏదీ పట్టని మనిషి, కాపుల గుమ్మాల్లో నిలబడి "బాబూ, రెండు కట్టల ఆకుంటే పెట్టండి" అని అడుగుతుంటే జనం నోళ్ళు వెళ్ళబెట్టారు. శ్రీకూర్మం వెళ్ళొచ్చి ఇంకా నామమైనా తుడుచుకోని ఒక ముసలి రైతు పది కట్టలు ఎత్తించాడట. "ఏ దేవుడి సేలోకైతే ఏటమ్మా, ఆకు ఎండిపోకూడదు" అన్నాడట. ఆ కట్టలు నెత్తిన పెట్టుకుని, నీళ్ళు కారుతుంటే, ఆవిడ మా వీధిలోకి వచ్చింది. పెదనాన్న అంతా చూస్తున్నాడు. మర్నాడు పొద్దున్నే ఎద్దుల్ని తోలుకొచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, "ఖాళీగా ఉన్నాయి" అని ఒక్క మాట అని మడి దున్నేశాడు.

నేను బడికి సెలవు పెట్టేశాను. దమ్ము పట్టిన మడిలో అమ్మా, నేనూ, పైనమ్మా దిగాం. అయ్య గట్టు మీద నిలబడ్డాడు, ఉతికిన పంచెతో. నేను బళ్ళో పాఠాలు చెప్పుకునే దాన్ని, అయినా ఊడ్పు మర్చిపోలేదు. పైనమ్మకి మాత్రం అసలు రాదు. ఉప్పు మడి మనిషి వరి మడిలో ఏం చేస్తుంది? ఒక్కొక్క పరక తీసి, జానెడు ఎడం జానెడు ఎడం పెడుతూ, వెనక్కి పోవాల్సింది ముందుకి పోతూ, తాను వేసిన దాన్నే తొక్కుకుంటూ వెళుతోంది. ఒక వరస అయ్యేసరికి అందులో సగం తేలిపోయింది.

అయ్య కాసేపు చూశాడు. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారాడు. గట్టు చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. ఇంక ఉండబట్టలేక, "అలాక్కాదప్పా!" అని అరిచాడు. మూడు నెలల తరవాత మా అయ్య గొంతెత్తడం అదే. మా ముగ్గురి చేతుల్లో నారు ఆగిపోయింది. "అది ముదురాకు. ఒంటి పరక పెడితే పిలకెయ్యదు. కుదురుకి నాలుగైదు పెట్టాల. దగ్గరగా ఎయ్యాల. నీయమ్మ, మడంతా పాడుసేస్తన్నావు!" అంటూ, పంచె ఎగ్గట్టడం కూడా మర్చిపోయి, బురదలోకి దిగిపోయాడు. ఆవిడ చేతిలో కట్ట లాక్కుని వంగాడు. వంగినవాడు పొద్దుగూకే దాకా నడుమెత్తలేదు. ఊడుస్తూనే ఏడ్చాడు. ఏడుస్తూనే ఊడ్చాడు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోకుండానే, "కూరేటే?" అని అమ్మని అడిగాడు. అమ్మ చేతిలో గరిటె కింద పడింది.

నాకు అనుమానం వచ్చి తరవాత అడిగాను. "అత్తా, కావాలనే అలా ఊడ్చావు కదూ?" ఆవిడ నొచ్చుకుంది. "కావాలని ఎందుకు పాడుసేస్తానే? నాకొచ్చినట్టు నాను ఊడిసినాను" అంది. నిజమే అనుకుంటాను. అంత తెలివితేటలు ఆవిడకి లేవు.

ఆ ఆదివారం మందిరంలో లేచి నిలబడి అందరి ముందూ చెప్పేసింది. నా మాట ఒక ఇంటి పురి ఇప్పించినాది, కొడుకు పోనాక ఆకలేసినాదని సెప్పడానికి సిగ్గుపడినాను, మీ ముందు ఒప్పుకుంటన్నాను అంది. వచ్చిన పాస్టరుగారు ఇబ్బందిగా కదిలి, సాక్ష్యం అంటే ఇలాంటివి కాదని నచ్చజెప్పబోయాడు. ఆవిడ చెప్పాల్సింది చెప్పి కూర్చుంది. నా జన్మలో ఒక పెద్దమనిషి అందరి ముందూ తప్పు ఒప్పుకోవడం చూడటం అదే మొదలు.

తీరా వచ్చే వారం చూద్దును గదా, మళ్ళీ అదే వేలు, అదే ఈశాన్యం, "ఇది బసమ్మా, ఇల్లు పైన." నేను మందిరం బయట పట్టుకుని దులిపేశాను. "ఇంత జరిగాక మళ్ళీ అదేనా? బుద్ధి లేదా నీకు?"

"నిజం సెప్పడం మానీమంటావేటే గుంటా?" అంది తాపీగా. "పైన ఇల్లున్నాది, అది అబద్ధం కాదు. సెప్పి ఎల్లిపోవడమే తప్పు. ఇకమీదట ఎల్లిపోను."

అన్నమాట నిలబెట్టుకుంది. ఆ తరవాత చావు ఇంటికి వెళితే చాప, మూట పట్టుకునే వెళ్ళేది. ఆ ఇంట్లో మనుషులు మళ్ళీ తిని, మళ్ళీ పనిలోకి వెళ్ళేదాకా కదిలేది కాదు. మూడు రోజులైతే మూడు, పదిహేనైతే పదిహేను. పొయ్యి ఊదేది, గేదెకి గడ్డి వేసేది, ఆ ఇంటి గుడ్డలన్నీ ఉతికేది. కొందరు విసుక్కునేవారు. ఎండుచేపల పులుసు మాత్రం అందరి ముందూ, గిన్నె మూయకుండా తినేది.

ఆ యేడు పంట పలచగా పండింది. ఆరు నెలల తిండికీ, విత్తనాలకీ సరిపోయింది. పై యేడు బాగా పండింది. అయ్య మనిషయ్యాడు. తమ్ముడి మాట వస్తే నవ్వడం కూడా నేర్చుకున్నాడు. ఆ రెండో యేటి కోతల్లో, పుష్యంలోనే, పనలు ఎత్తుతుంటే కింద పాము ఉంది. కాటేసింది. అయ్యని గట్టు మీదికి తెచ్చేసరికే అయిపోయింది.

నాకు కబురు వచ్చి రైలు దిగేసరికి కప్పెట్టేశారు కూడా. నేను ఏడవలేదు. మొద్దులాగ గోడకి ఆనుకుని కూర్చున్నాను. పైనమ్మ అప్పటికే వచ్చి ఉంది, చాపా మూటాతో. రెండో రోజు అమ్మ చేత గంజి తాగించింది. నా జోలికి రాలేదు. గిన్నెతో చోడి అంబలి తెచ్చి నా పక్కన పెట్టేది, చల్లారితే తీసేసి వేడిది పెట్టేది. నేను ముట్టలేదు. అలా నాలుగు రోజులు.

ఐదో రోజు మధ్యాహ్నం నాలో ఏదో తెగింది. "ముందు పైన పైన అని మడి మానిపించావు" అన్నాను. "తరవాత నువ్వే మళ్ళోకి దింపావు. ఆ మళ్ళోనే పోయాడు. అరుగు మీద కూర్చోనిస్తే బతికుండేవాడు మా అయ్య."

"ఒసే, నోరు ముయ్యి!" అంది అమ్మ.

"అననీ మరదలా" అంది పైనమ్మ. నావైపు తిరిగి, "ఔనమ్మా. నానే దింపినాను" అంది. అంతే. తప్పు నాది కాదనలేదు, దేవుడి చిత్తం అనలేదు. నేను విసిరిన రాయిని రెండు చేతులా పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఎదురు చెబుతుందనే ఆశతో ఇంకా చాలా దాచుకున్నాను అనడానికి. అవన్నీ నాలోనే కూలిపోయాయి.

అప్పుడు నా నోటి వెంట వచ్చిన మాటకి నేనే అదిరిపోయాను. "ఇన్ని ఇళ్ళకి వెళ్ళి చెప్పావు. మా ఇంటికొచ్చి ఐదు రోజులైంది, ఒక్క మాట అనలేదు. మా అయ్య ఎక్కడున్నాడో చెప్పవేం? చెప్పు!"

ఆవిడ గిన్నె నా ముందుకి జరిపింది. "తిను. సెప్తాను."

"ముందు చెప్పు."

"సెప్పను. ఖాళీ కడుపుతో ఉన్నోడికి ఓపాలి సెప్పి ఏటయ్యిందో సూసినాను. తిను."

తిన్నాను. మొదటి గుటక గొంతులో అడ్డం పడింది. ఆవిడ తొందరపెట్టలేదు, చూస్తూ కూర్చుంది. రెండోది దిగింది. నాకు ఎంత ఆకలిగా ఉందో అప్పుడు తెలిసి సిగ్గుతో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే గిన్నె ఖాళీ చేశాను. ఆవిడ గిన్నెలోకి ఒకసారి చూసి, అప్పుడు చెప్పింది. కొత్త మాటేమీ కాదు. నేను వందసార్లు విని వెక్కిరించిన మాటే. అమ్మ స్తంభానికి ఆనుకుని వింది. నేను ఒక్కొక్క మాటా ఆవిడ మొహంలోకి చూస్తూ విన్నాను. ఆవిడ చెప్పడం అయ్యాక గిన్నె చాపి, ఇంకాస్త పొయ్యమన్నాను.